కోట అక్కడ... కథ ఇక్కడ!

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ వీధిలోకి వెళ్లినా ‘మా వాడు అమెరికాలో’, ‘మా అమ్మాయి ఆస్ట్రేలియాలో’ అనే మాట వినపడుతుంది. ఈమధ్య ఆ జాబితాలో ఐర్లండ్ కూడా చేరింది. చదువుకో ఉద్యోగానికో డబ్లిన్ చేరిన పిల్లలు కాస్త కుదురుకోగానే అమ్మానాన్నలకు టికెట్లు పంపిస్తారు. వెంట పచ్చళ్లు, కారప్పొడులు, సున్నుండలు కట్టుకుని పెద్దవాళ్లు విమానం ఎక్కుతారు. మొదటి వారం మనవలతో, చలితో సరిపోతుంది. రెండోవారం ‘నాన్నా, ఇవాళ కోట చూసొద్దాం పదండి’ అంటూ పిల్లలు కారు తీస్తారు. అలా తీసుకెళ్లే ఊళ్లలో తప్పకుండా ఉండేది... బన్రట్టి.

ఐర్లండ్ పడమటి వైపు క్లేర్ అనే కౌంటీలో, షానన్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉంటుందీ పల్లె. ఊరు చిన్నది. పేరు మాత్రం పెద్దది. ఒక కోట, కోట పక్కన ఓ చిన్న నది, నది మీద వంతెన, వంతెన పక్కనే ఓ పాత పబ్బు. అంతే! దానికోసం దేశదేశాల నుంచి జనం వస్తారు.

కోటలో చేతి భోజనం

ఇప్పుడు కనిపించే బన్రట్టి కోటను 1425 ప్రాంతంలో మెక్‌నమారా వంశంవాళ్లు కట్టించారు. అదే స్థలంలో అంతకుముందే మూడు కోటలు లేచి పడిపోయాయి. తర్వాత అది ఓబ్రియన్ల చేతికొచ్చింది. మన గోల్కొండలా కొండంతా పరుచుకున్న కోట కాదిది. నలుచదరంగా నిట్టనిలువుగా లేచిన రాతి మేడ. లోపల ఒక మనిషి మాత్రమే పట్టే మెలికల మెట్లు. గుమ్మం పైన కప్పులో ఓ కంత. శత్రువు లోపలికి జొరబడితే నెత్తిన రాళ్లు వేయడానికట! మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ మెట్లు చూసి ‘మీరెళ్లి రండిరా, మేమిక్కడే కూర్చుంటాం’ అనేస్తారు.

కిందనున్న పెద్దలకు కాలక్షేపం లేకపోలేదు. కోట చుట్టూ పందొమ్మిదో శతాబ్దపు పల్లెను యథాతథంగా నిలబెట్టారు. గడ్డి కప్పిన ఇళ్లు, కమ్మరి కొలిమి, బడి, డాక్టరు గది, చిల్లర కొట్టు, పెరట్లో కోళ్లు... ‘అచ్చం మన అమ్మమ్మగారి ఊరే’ అనిపిస్తుంది.

సాయంత్రం కోటలో విందు ఉంటుంది. 1963 నుంచీ జరుగుతున్న ముచ్చట ఇది. పాతకాలపు దుస్తులేసుకున్నవాళ్లు పాటలు పాడుతూ వడ్డిస్తారు. తేనెతో పులియబెట్టిన పానీయం పోస్తారు. బల్లమీద ఓ కత్తి తప్ప చెంచాలుండవు. మధ్యయుగంలోలాగా చేత్తోనే తినాలి. తెల్లవాళ్లంతా చేతులకు పులుసు పూసుకుని సంబరపడుతుంటే మన తెనాలి తల్లిదండ్రులకు నవ్వాగదు. ‘చేత్తో తినడానికి ఇన్ని యూరోలా!’

పబ్బంటే ఇదా?

ఇక వంతెన పక్క పబ్బు. పేరు డర్టీ నెల్లీస్. 1620 నాటిదని బోర్డు మీదే రాసుంటుంది. ‘పబ్బు’ అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్ల మొహం మారిపోతుంది. చెవులు పగిలే సంగీతం, చీకటి, టీవీ వార్తల్లో పోలీసు దాడులు... ఇవే గుర్తొస్తాయి. ఐర్లండ్ పల్లె పబ్బు అలా ఉండదు. అసలు ‘పబ్’ అనేది ‘పబ్లిక్ హౌస్’కు పొట్టిపేరు. నలుగురూ వచ్చి కూర్చునే ఇల్లని అర్థం. మందు తాగేవాళ్లు తాగుతారు. సూపు, రొట్టె, బంగాళాదుంప కూరతో భోంచేసేవాళ్లు భోంచేస్తారు. పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లల్ని కూడా రాత్రి 9 గంటల దాకా, వేసవి నెలల్లో 10 దాకా అక్కడి చట్టం రానిస్తుంది.

ఓ మూల కణకణలాడే నిప్పు. ఇంకో మూల ఫిడేలు, పిల్లనగ్రోవి, చేతిలో పట్టుకుని వాయించే డప్పులాంటి వాద్యం. వేదిక ఉండదు. పక్క బల్ల దగ్గర కూర్చున్నాయనే లేచి ఓ పాట అందుకుంటాడు. పాటలో ఊరి పేరుంటుంది, ఎప్పుడో ఓడిపోయిన రాజు పేరుంటుంది. పరాయివాళ్లు వచ్చి కూర్చుంటే ‘ఏ ఊరు మీది?’ అని మొదలెట్టి, తమ ఊరి కథంతా చెప్పిగానీ వదలరు.

అదిగో, అక్కడే మన పెద్దవాళ్ల మనసులో ఓ ముల్లు గుచ్చుకుంటుంది. ఎదుటి మనిషి ‘మీ ఊరి దగ్గర చూడదగ్గవేమున్నాయి?’ అని అడుగుతాడు. ఏం చెప్పాలి? తాజ్‌మహల్ గుర్తొస్తుంది. తిరుపతి గుర్తొస్తుంది. తమ ఊరికి గంట దూరంలో ఏముందో మాత్రం చప్పున గుర్తుకు రాదు. పక్కనున్న మనవడు ‘తాతయ్యా, మన ఊళ్లో కోట లేదా?’ అని అడిగేస్తాడు.

ఉంది నాన్నా. ఉండేది!

గొంకరాజుల చందవోలు

బాపట్లకూ రేపల్లెకూ నడుమ, పిట్టలవానిపాలెం మండలంలో చందోలు ఉంది. రోడ్డు మీద బస్సు ఆగుతుంది, నలుగురు దిగుతారు, వెళ్లిపోతుంది. ఏ హడావుడీ లేని డెల్టా పల్లె. చుట్టూ వరి, తాటిచెట్లు, కాలువలు. బన్రట్టి కోటకు పునాది పడటానికి మూడు వందల ఏళ్ల ముందే ఈ ఊరు రాజధాని.

వెలనాటి చోడుల రాజధాని చందవోలు. శాసనాల్లో ధనదపురం అనీ కనిపిస్తుంది. పదకొండో శతాబ్దం చివర్లో మొదటి గొంకరాజుతో మొదలై, పన్నెండో శతాబ్దంలో రెండో గొంకరాజు నాటికి ఈ వంశం తీరాంధ్రలో ఎదురులేని స్థితికి చేరింది. మొదట చోళ చక్రవర్తులకు సామంతులు. పై చక్రవర్తి బలం తగ్గేకొద్దీ వీళ్ల బలం పెరిగింది. ద్రాక్షారామంలో, చేబ్రోలులో, బాపట్లలో... ఆనాటి శాసనాలు చదివితే వీళ్ల మాట ఎంత దూరం చెల్లిందో తెలుస్తుంది. పదమూడో శతాబ్దం మొదట్లో పృథ్వీశ్వరుడితో ఆ వైభవం ముగిసింది. ఆపైన కాకతి గణపతిదేవుడు ఈ నేలను గెలుచుకున్నాడు.

రాజ్యం పోయినా పేరు పోలేదు. నేటికీ శాఖల పేర్లలో ‘వెలనాటి’ అనే మాట మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. ఆ మాట వెనక ఓ రాజ్యం ఉందని చాలామందికి తట్టదు.

చందవోలు పేరు వినని తెలుగువాడికి కూడా చందవోలు కథ తెలుసు. ఎలాగంటారా? పల్నాటి యుద్ధం! బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కోడిపందెం... 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మలుగా నటించిన సినిమాలు మన పెద్దవాళ్లు ఎన్నిసార్లు చూసుంటారో! ఆ కథకు మొదలు ఇక్కడే. హైహయ వంశపు అనుగురాజు దక్షిణానికి వచ్చి, చందవోలు రాచబిడ్డ మైలమదేవిని పెళ్లాడాడని వీరగాథ చెబుతుంది. పెళ్లికి అరణంగా, అంటే పసుపుకుంకుమల కింద, మామగారు అల్లుడికి ఇచ్చింది ఏమిటో తెలుసా? పల్నాడు! ఆ మైలమ కొడుకే నలగామరాజు. కారెంపూడిలో అన్నదమ్ముల రక్తం పారిన ఆ కథ అంతా చందవోలులో కట్టిన ఓ పెళ్లి పందిరి దగ్గర మొదలైంది.

ఇంకో కథా ఉంది. వెలనాటి చోడుడి కొలువులో శైవ గురువు మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధాచార్యుడితో వాదానికి దిగిన ఘట్టాన్ని పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో వర్ణించాడు. అంటే, పన్నెండో శతాబ్దంలో కూడా ఈ గడ్డ మీద బౌద్ధుల గొంతు వినపడుతోందన్నమాట.

మరి అక్కడికెళితే ఏం కనిపిస్తుంది? నిజం చెప్పుకోవాలి. బన్రట్టిలా ఆకాశంలోకి లేచిన కోట కనిపించదు. టికెట్టు కౌంటరు కనిపించదు. బండ్లమ్మ అని ఊరంతా పిలుచుకునే బగళాముఖి అమ్మవారి గుడి ఉంది. లింగోద్భవస్వామి ఆలయం ఉంది. శ్రీవిద్యోపాసకులుగా పేరుపొందిన తాడేపల్లి రాఘవనారాయణ శాస్త్రిగారిని ‘చందోలు శాస్త్రిగారు’ అంటూ ఊరి పేరుతోనే తలుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుడికి వచ్చే భక్తులు దణ్ణం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని వెళ్లిపోతారు. తాము నిలబడింది ఒక రాజధానిలోనని వాళ్లలో ఎందరికి తెలుసు?

ఓ ఇల్లు... ఓ స్తూపం

బన్రట్టి కోటది కూడా మొదటినుంచీ ఈ వెలుగు కాదు. శతాబ్దాలు గడిచేసరికి అదీ పాడుబడింది. 1950ల్లో లార్డ్ గార్ట్ అనే ఆయన ఆ శిథిలాన్ని కొన్నాడు. ప్రభుత్వ సాయంతో బాగుచేయించి, 1960లో జనం కోసం తలుపులు తెరిపించాడు. అంటే ఇవాళ మన పిల్లలు ఫొటోలు దిగుతున్న కోట 1950ల దాకా పాడుబడ్డ గోడలే!

అక్కడి పల్లె పుట్టిన కథ ఇంకా విచిత్రం. షానన్ విమానాశ్రయంలో కొత్త రన్‌వే వేస్తుంటే ఓ పాత రైతు ఇల్లు అడ్డొచ్చింది. రాజుగారి మేడ కాదు, గుడి కాదు. మామూలు కాపు ఇల్లు. బుల్డోజరు పంపితే అరపూట పని. వాళ్లు దాన్ని కూల్చి పారేయకుండా, ఎత్తుకొచ్చి కోట పక్కన మళ్లీ నిలబెట్టారు. దాని చుట్టూ మరో ఇల్లు, మరో కొట్టు... అలా ఓ ఊరే అయింది.

ఇప్పుడు చందోలు నుంచి చెరుకుపల్లి మీదుగా భట్టిప్రోలుకు రండి.

తెనాలి–రేపల్లె రైలు మార్గంలో వచ్చే స్టేషను ఇది. క్రీస్తుకు పూర్వమే ఇక్కడ గొప్ప బౌద్ధస్తూపం వెలిసింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిషువాళ్లు కాలువలు తవ్వుతూ, రోడ్లు వేస్తూ ఈ దిబ్బను చూశారు. దిబ్బ నిండా ఇటుకలు, పాలరాళ్లు! రోడ్డుకు ఇటుకలు కావాలి. కాలువ పనికి రాయి కావాలి. ఇంకేముంది... స్తూపం ఇటుకలు రోడ్డు కిందికి వెళ్లాయి. పాలరాళ్లు వెల్లటూరు దగ్గర కాలువ కట్టడంలోకి వెళ్లాయి. డెల్టాకు నీళ్లు తెచ్చిన ఆ కాలువలే మనకు అన్నం పెట్టాయి. ఆ అన్నం మెతుకుల్లో స్తూపం రాయి కూడా కలిసుంది.

అదృష్టం ఏమిటంటే, దిబ్బ అడుగున కొంత మిగిలింది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు మూడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిమీద అక్షరాలు! లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ధాతువులు. పేటికల మీది రాతను జర్మన్ పండితుడు బ్యూలర్ చదివాడు. కుబీరకుడనే రాజు పేరు అందులో ఉంది. తెలుగు నేల మీద పేరు తెలిసిన అతి పాత రాజుల్లో ఆయనొకడు. ఆ లిపి మామూలు బ్రాహ్మి కాదు. కొన్ని అక్షరాలు వేరే తీరులో ఉన్నాయి. దక్షిణాది లిపుల పుట్టుక గురించి ఎవరు రాసినా భట్టిప్రోలు దగ్గర ఓసారి ఆగాల్సిందే. ఇక్కడ దొరికిన ధాతువును తర్వాత మహాబోధి సొసైటీకి అప్పగించారు. కోల్‌కతా కాలేజ్ స్క్వేర్ దగ్గరి ధర్మరాజిక విహారంలో 1920లో ప్రతిష్ఠించారు.

మన పిల్లలు పలక మీద ‘అ ఆ’లు దిద్దుతారు కదా. ఆ అక్షరాల పూర్వీకుల్ని చూపించే ఊరు ఇంటికి ఇంత దగ్గర్లో ఉంది. ఎన్ని బళ్ల బస్సులు అక్కడ ఆగుతున్నాయి?

అక్కడ రన్‌వేకు అడ్డమొచ్చిన రైతు ఇల్లు మిగిలింది. ఇక్కడ రోడ్డుకు అడ్డమైనా కాని స్తూపం రోడ్డైపోయింది. రెండిటికీ నడుమ నూరేళ్ల తేడా ఉంది. ఆనాడు పని చేయించినవాళ్లు మనవాళ్లూ కారు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే మిగిలిన దిబ్బ ఇప్పుడు మన చేతిలోనే ఉంది.

మన పబ్బు... టీ కొట్టు బల్ల

కోట కూలినా కథ బతకొచ్చు. పల్నాటి కథను వందల ఏళ్లు మోసింది రాతిగోడలు కాదు. ఏటా కారెంపూడి ఉత్సవాల్లో గొంతెత్తి పాడే వీరవిద్యావంతులు. పొలం పని ముగిశాక వాళ్ల చుట్టూ చేరి తెల్లవార్లూ విన్న జనం. బన్రట్టి పబ్బులో ఫిడేలు మోగించేవాడు చేసే పనీ ఇదే. పాడేవాడు ఒకడైతే, వినేందుకు కూర్చునేవాళ్లు పదిమంది కావాలి. ఆ కూర్చునే చోటు ఉన్నంతకాలం ఊరికి తన కథ గుర్తుంటుంది.

మనకు ఆ చోటు ఏది? ఒకప్పుడు రచ్చబండ. తెనాలి లాంటి ఊళ్లో కాఫీ హోటళ్లు, నాటకాల రిహార్సల్ గదులు. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు, చక్రపాణి పెరిగిన ఊరు అది. ఆంధ్రా ప్యారిస్ అని ఊరికే అనలేదు. కప్పు కాఫీ ముందు పెట్టుకుని గంటల కొద్దీ నాటకాల మీద, కథల మీద వాదించుకునే అలవాటు ఆ ఊరి నీళ్లలోనే ఉందంటారు. పల్లెల్లో ఇవాళ మిగిలింది టీ కొట్టు ముందు చెక్క బల్ల. చందోలులోగానీ భట్టిప్రోలులోగానీ ఓ పెద్దాయన పక్కన కూర్చుని ‘బాబాయ్, ఈ ఊరు ఒకప్పుడు రాజధానంట కదా?’ అని అడిగి చూడండి. ముందు ఎగాదిగా చూస్తాడు. ‘ఎవరి తాలూకా మీరు?’ అంటాడు. తాలూకా తేలాక, రెండో టీ వచ్చేసరికి, కథ మొదలవుతుంది. ఆ కథలో సగం చరిత్ర ఉంటుంది, సగం ఆయన తాత చెప్పింది ఉంటుంది. రెండూ వినదగ్గవే. అయితే అడిగేవాళ్లు రాకపోతే ఆయన మాత్రం ఎవరికి చెబుతాడు? అడగని కథ ఆయనతోనే వెళ్లిపోతుంది. అప్పుడు తవ్వి తీయడానికి ఏ రీ దొరగారూ పనికిరాడు.

ఐర్లండ్‌తో తెలుగువాళ్ల బంధం ఇవాళ్టిది కాదు. 1913లో వి.వి.గిరి లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడివాళ్లు తమ భాష కోసం, తమ దేశం కోసం పడుతున్న ఆరాటాన్ని కళ్లారా చూశారు. 1916లో తిరుగుబాటు జరిగిన ఏడాదే ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది. సరిగ్గా ఆయన వెళ్లిన 1913లోనే, మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్లకో రాష్ట్రం కావాలన్న మాట అక్కడ గట్టిగా వినపడింది. అక్కడి ఊళ్లలో కోటలు చూసి మురిసిపోయే మన పిల్లలకు ఈ సంగతి తెలిస్తే, డబ్లిన్ వీధులూ కొత్తగా కనిపిస్తాయి, బాపట్ల వీధులూ కొత్తగా కనిపిస్తాయి.

ఒక రోజు చాలు

పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఓ రోజు దీనికి కేటాయించండి. పొద్దున్నే తెనాలిలో ఇడ్లీ తిని రేపల్లె రైలెక్కండి. 1916లో వేసిన ఈ మార్గం మొత్తం 34 కిలోమీటర్లు. చినరావూరు, వేమూరు దాటి కిటికీలోంచి కాలువలు చూస్తుండగానే భట్టిప్రోలు వస్తుంది. స్తూపం చుట్టూ ఓసారి నడవండి. అక్కడి నుంచి ఆటోనో కారో మాట్లాడుకుని చెరుకుపల్లి మీదుగా చందోలు చేరండి. అమ్మవారి దర్శనం చేసుకోండి. టీ కొట్టు బల్ల మీద కనీసం అరగంట కూర్చోండి.

ఓపికుంటే నిజాంపట్నం కూడా చూడొచ్చు. ఇవాళ పడవలు, వలలు, ఎండుచేపల వాసన. ఒకప్పుడు పెద్దపల్లి అనే పేరుతో విదేశీ ఓడల్ని రప్పించుకున్న రేవు అది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లిషువాళ్లు వచ్చి బట్టల వ్యాపారం పెట్టారు. బన్రట్టి పబ్బుకు బోర్డు కట్టడానికి తొమ్మిదేళ్ల ముందే మన నేత బట్ట లండన్ లెక్కల పుస్తకాల్లోకి ఎక్కిందన్నమాట.

మధ్యాహ్నం బాపట్ల చేరితే భావనారాయణస్వామి గుడి ఉంది. గోడల దగ్గర, స్తంభాల దగ్గర నిలబడి చూస్తే పన్నెండో శతాబ్దపు శాసనాలు కనిపిస్తాయి. పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్లి ఒక్కో అక్షరం గుర్తుపట్టమనండి. ‘ఇది మన ర కదా’, ‘ఇది న కాబోలు’ అంటూ వాళ్లే ఆటలో పడిపోతారు. సాయంత్రానికి సూర్యలంక తీరం ఎలాగూ ఉంది, తొమ్మిది కిలోమీటర్లే. కాళ్లకు అలలు తగులుతుంటే మొక్కజొన్న పొత్తు తింటూ పల్నాటి కథ మొదటినుంచీ చెప్పండి. మైలమ పెళ్లితో మొదలుపెట్టండి.

మళ్లీ ఎప్పుడో డబ్లిన్‌లో, ఏ పబ్బు బల్ల దగ్గరో ఎవరైనా ‘మీ ఊరి దగ్గర ఏముంది?’ అని అడుగుతారు. ఈసారి తాతయ్య తాజ్‌మహల్ కోసం వెతుక్కోనక్కర్లేదు. మనవడే అందుకుంటాడు. ‘మా ఊరి పక్కన ఓ రాజు ఉండేవాడు. కూతురికి పెళ్లి చేసి, అల్లుడికి ఓ దేశమే రాసిచ్చాడు...’